సుగుణ పన్ను విరిగిన రోజు

మా చెల్లెలు సుగుణ నవ్వితే పై వరసలో ఒక పన్ను మూల విరిగి కనిపిస్తుంది. బియ్యపు గింజంత ముక్క. కొత్తగా చూసినవాళ్లు అడుగుతారు, ఇంట్లోవాళ్లు చెబుతారు: పన్నెండేళ్లప్పుడు పొలం బావిలో పడిందని, పద్నాలుగేళ్ల అన్న దూకి బయటికి తీశాడని, అప్పుడే రాతిమెట్టు తగిలి పన్ను విరిగిందని. పెళ్లిచూపుల్లో మా నాయనమ్మ మగపెళ్లివాళ్లకు ఈ కథే చెప్పింది. సుగుణ కూతురు హారిక ఈతలో దేశం తరఫున పోటీలకు వెళ్లొచ్చాక పేపరువాళ్లు ఇంటికొస్తే వాళ్లకూ ఇదే చెప్పారు. నేను లెక్కల మాస్టర్ని. వేసవి సెలవులకు ముందు పిల్లలకు జాగ్రత్తలు చెప్పేటప్పుడు నా క్లాసులో కూడా ఈ కథ చెప్పాను, ఒకటికి నాలుగు కలిపి. ఆ అన్నను నేనే. అందులో బావి నిజం, పన్ను విరగడం నిజం. విరగ్గొట్టింది మాత్రం రాయి కాదు.

ఈ వేసవిలో హారిక మా చిలకలూరిపేట వచ్చి పది రోజులు పిల్లలకు ఈత శిబిరం నడిపింది. ఏ హైదరాబాదులోనో పెట్టి ఉంటే ఇంతకు నాలుగింతల పేరొచ్చేది. ఆ పిల్ల ఇక్కడే కావాలంది. మా వైపు ఏటా ఎండలు ముదిరేసరికి కాలువలోనో పొలం కుంటలోనో ఫలానావాళ్ల పిల్లాడు పోయాడన్న మాట చెవిన పడుతూనే ఉంటుంది, అందుకని. బైపాస్ పక్కన ఒక స్కూలువాళ్లు తమ ఈతకొలను ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అరవై మంది దాకా వచ్చారు, పదేళ్లవాళ్ల నుంచి ఇంటర్ చదివేవాళ్ల వరకు. తల్లీకూతుళ్లు చీరాల నుంచి వచ్చి మా ఇంట్లోనే దిగారు. పొద్దున్నే అయిదున్నరకు వాళ్లిద్దర్నీ కారులో తీసుకెళ్లి, కొలను గట్టు మీద సిమెంటు బల్ల మీద సుగుణ పక్కన కూర్చునేవాణ్ని. మెడలో విజిల్ వేసుకుని హారిక గట్టు వెంట నడుస్తుంటే నీళ్లలోని తలలన్నీ ఆమెతో పాటే తిరిగేవి. ఆ పిల్ల అరవదు. "భార్గవ్, తల పైకెత్తి ఎవర్ని చూస్తున్నావురా, బస్సేమన్నా వస్తోందా?" అని మామూలు గొంతుతో అంటే చాలు, చివరి వరసలోని వాడు నవ్వుతూనే తల నీళ్లలో పెట్టేవాడు. ఎన్నెన్నో దేశాల నీళ్లు చూసొచ్చిన పిల్ల మా మాటతో, మా ఎకసెక్కంతో ఊళ్లో పిల్లల్ని దారిలో పెడుతుంటే నాకు ఛాతీ పొంగేది. అంతలోనే చూపు పక్కకు పోయేది. సుగుణ ఒళ్లో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చునేది. చెప్పుల్లో ఆమె కాలివేళ్లు మాత్రం ఆడుతుండేవి, పిల్లలు నీళ్లలో కాళ్లు కొట్టే తీరుకు సరిగ్గా సరిపోయేట్టు. మొదటి రోజే చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటైన పని.

మా సొంతూరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఉంటుంది. నల్లరేగడి నేల, ఖరీఫ్‌లో పత్తి, మిరప. మాఘమాసం దాటాక మా పొలంలో ఎటు చూసినా ఎరుపే. బావి పక్కనే కల్లం, కల్లం నిండా ఆరబోసిన కాయ. ఆ రోజుల్లో మా ఇంట్లో కూర ఏదైనా వాసన ఒకటే. దుప్పట్లలో, పుస్తకాల్లో, అమ్మ కొంగులో, నాన్న సైకిలు సీటు మీద కూడా మిరపఘాటే. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు గుమ్మంలోనే తుమ్మేవాళ్లు. మేం తుమ్మేవాళ్లం కాదు. అమ్మ వంటింటిని ఏలితే నాయనమ్మ కల్లాన్ని ఏలేది. నడుం వంగినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీట మీద కూర్చుని తాలుకాయ ఏరేది. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటాం. ఒక్కటి మంచికాయలో కలిసినా, "ఇది ఎవరి కళ్లు ఏరినయ్యే?" అని కూలీలకు వినపడేట్టు అనేది. ఆమె పక్కన ఎప్పుడూ ఇనపగిన్నెలో ఆముదం, ఒక పొడిగుడ్డ ఉండేవి. కారం పని చేసి వచ్చినవాళ్లు ఎవరైనా సరే ముందు ఆమె దగ్గర ఆగాలి. గాలికి ఎదురు కాకుండా నిలబడి తల దులుపుకోవాలి, పొడిగుడ్డతో మొహం, మెడ తుడుచుకోవాలి, చేతులకు కాళ్లకు ఆముదం రాసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే నీళ్లు. ముందే నీళ్లు పోసుకుంటే జుట్టులో ఉన్న కారమంతా కరిగి కళ్లలోకి దిగుతుంది. కాశీకి వెళ్లి వచ్చినవాడైనా ఆమె దగ్గర ఆగకుండా తొట్టి దగ్గరికి పోవడానికి వీల్లేదు.

ఎండిన కాయను గోనె బస్తాలకు ఎత్తడం ఇంకో పని. మిర్చి యార్డులో దాన్ని టిక్కీ అంటారు. కాయ తేలిక, బస్తా నిండినట్టే ఉంటుంది కానీ నిండదు. అందుకని ముందు సాయంత్రం కాయ మీద కాసిని నీళ్లు చిలకరించి మెత్తబరిచి, మనిషిని బస్తాలోకి దింపి తొక్కించాలి. బరువైన మనిషి తొక్కితే కాయ చితికి గింజ రాలిపోతుంది. పద్నాలుగేళ్ల కుర్రాడైతే సరిగ్గా సరిపోతాడని నాన్న లెక్క. పాదాలకు గోనెపీలికలు చుట్టుకుని నేను బస్తాలో దిగేవాణ్ని. సుగుణ మూతి పట్టుకునేది, పైనుంచి కాయ పోస్తుంటే నేను గుండ్రంగా తిరుగుతూ తొక్కేవాణ్ని. పీలికలు పాదాలకే కదా. రెండో బస్తాకల్లా మోకాళ్లు, తొడలు మంటలెక్కేవి. ఆ మంట చర్మం మీద ఉండదు, లోపల ఎక్కడో ఎముక దగ్గర ఉన్నట్టుంటుంది. ఇప్పుడు యార్డు దగ్గర ఏసీ గోడౌన్లలో మిషన్లు నొక్కుతున్నాయని చెబుతారు. మంచిదే.

ఇక బావి. ఒక పక్క రాతిమెట్లు, గట్టు మీద పాకలో ఆయిల్ ఇంజను, దాని గొట్టం అడుగుదాకా నీళ్లలోకి దిగి ఉండేది. గొట్టం చివర నీళ్లు పీల్చే ఫుట్‌వాల్వు. మా ఊళ్లో మగపిల్లలు ఈత నేర్చుకోవడం అంటే నడుముకు తాడు కట్టుకుని బావిలో దూకడమే. తాడు రెండో కొస మెట్ల మీద ఒకళ్లు పట్టుకోవాలి. తాడు లేకుండా దిగితే తోలు వలుస్తానని నాన్న అన్నాడు, అన్నాడంటే వలుస్తాడు. నా తాడు పట్టుకునే పని సుగుణది. ఆడపిల్ల ఈత నేర్వాలని ఎవరూ అనుకోలేదు. నేర్వకూడదనీ ఎవరూ చెప్పలేదు, ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. ఒక మధ్యాహ్నం నాన్న ఇంజను పాకలో కునుకు తీస్తుండగా, "నాకూ కట్టన్నయ్యా" అంది. సరదాకి కట్టాను. రెండు రోజులు తాడుతో దిగింది. మూడో రోజు తాడు విప్పేసి, "ఇది కాళ్లకు అడ్డమొస్తోంది" అంది. రెండేళ్లుగా తాడు పట్టుకుని నన్ను చూస్తూ కూర్చుందిగా, నేను చేసే తప్పులన్నీ ఆమెకు తెలుసు. అవి చేయకుండా ఈదింది, అంతే.

మగపిల్లలందరికీ ఒక పందెం ఉండేది. గొట్టం వెంట అడుగుకు మునిగి, ఫుట్‌వాల్వు ముట్టుకుని, దాని మీది పాచి పట్టుకొస్తేనే వాడికి ఈత వచ్చినట్టు. నేను మూడొంతులు దిగి ఊపిరాడక పైకి వచ్చేసేవాణ్ని, కానీ ముట్టుకున్నాననే చెప్పేవాణ్ని. సుగుణ ఒకరోజు మునిగింది. ఎంతకీ రాలేదు. తీరా పైకి వచ్చి, నాచుపట్టిన పిడికిలి నా ముందు తెరిచి, "జారుతోందన్నయ్యా, పట్టు దొరకడమే కష్టం" అంది. గొప్పకు కాదు, రేపు నేను దిగినప్పుడు పనికొస్తుందని చెప్పింది. ఆ పచ్చటి పాచి ఆమె అరచేతిలో ఎలా ఉందో ఇప్పటికీ చెప్పగలను. మా ఇద్దరికి తప్ప ఆ సంగతి మూడో మనిషికి తెలియదు.

ఆ రోజు మూడు బస్తాలు తొక్కాను. అన్నాల వేళ, కూలీలంతా ఇంజను పాక అవతల క్యారేజీలు విప్పుకున్నారు. నాన్న వాళ్ల దగ్గరే ఉన్నాడు. తొడలు మండిపోతున్నాయి. బస్తాలోంచి బయటపడి, పీలికలు పీకేసి, బావి వైపు పరిగెత్తాను. నాయనమ్మ పిలుస్తూనే ఉంది, "ఒరేయ్ శేషూ, ఆగరా, తల దులుపుకోరా." సుగుణ తాడు తీసుకుని వెనకే వచ్చింది.

"అన్నయ్యా, తాడు."

"తాడు లేదు గీడు లేదు, పోవే."

"తలనిండా కారం ఉందన్నయ్యా."

దూకేశాను. తొడల మంట చల్లబడ్డ ఆ ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో. తల పైకెత్తాను. జుట్టులోని కారమంతా నీళ్లతో కలిసి కళ్లలోకి, ముక్కులోకి దిగింది. కళ్లు మూసుకుపోయాయి. అరవబోతే గొంతులోకి ఘాటు, వెనకే నీళ్లు. మెట్లు ఎటున్నాయో, గొట్టం ఎటుందో తెలియలేదు. నాకు వచ్చిన ఆ కాస్త ఈతా కళ్లతో వచ్చిందేనని అప్పుడు తెలిసింది. రెండుసార్లు మునిగాను. మూడోసారి మునుగుతుంటే వెనక నుంచి చొక్కా కాలరు బిగిసి మెడ పట్టేసింది. ఏదో కిందికి లాగేస్తోందనుకున్నాను. బలమంతా పెట్టి మోచేత్తో వెనక్కి కొట్టాను. గట్టిగా దేనికో తగిలింది. కాళ్లతో తన్నాను. కాలరు వదల్లేదు. ఆ తర్వాత నా వీపు కింద రాతిమెట్టు.

కక్కుకున్నాను. లేచి కూర్చున్నాను. కళ్లు తెరవలేకపోతున్నాను. పక్కన ఎవరో గట్టిగా ఊపిరి తీస్తున్న చప్పుడు. కూలీలు, నాన్న పరిగెత్తుకొచ్చారు. వాళ్లకు కనపడింది ఇది: కొడుకు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, కూతురు తడిసిన పరికిణీతో మెట్ల మీద వాలిపోయి ఉంది, నోరంతా రక్తం. తాడు పైమెట్టు మీదే ఉంది. ఇంకెవరికైనా ఏమనిపిస్తుంది? మగపిల్లాడికి ఈత వచ్చు, ఆడపిల్లకు రాదు. "ఒరేయ్ శేషూ, చెల్లిని నువ్వే తీశావా?" అన్నాడు నాన్న. ఆ గొంతులో వణుకు అంతకు ముందెప్పుడూ నేను వినలేదు. తాడు లేకుండా దూకిన సంగతి నాకు ముందు గుర్తొచ్చింది. తల ఊపాను.

నేను ఆ రోజు అబద్ధం ఆడలేదు, తల ఊపానంతే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నాన్న నన్ను పొదివి పట్టుకున్నాడు. అటువైపు తిరిగి, "ఈ పిల్ల ఇంకోసారి బావి దరిదాపులకొస్తే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు. నాయనమ్మ ఆవుపాలతో నా కళ్లు కడుగుతూ, "చెల్లెలు పడిందని దూకినవాడివి, తాడు సంగతి సరే, నీ వెనకాల అది తాడు పట్టుకుని ఎందుకొచ్చిందిరా?" అని నాకొక్కడికే వినపడేట్టు అడిగింది. కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ఊళ్లో అందరికన్నా గట్టిగా ఆ కథ చెప్పింది ఆమే. తెలిసే చెప్పిందని ఇప్పుడు నా అనుమానం.

సాయంత్రం వసారాలో సుగుణ ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. పెదవి వాచిపోయి మాట సరిగ్గా రావడం లేదు. "ఎందుకు తలూపావన్నయ్యా?" అంది. నాన్న కొడతాడని అన్నాను. ఆలోచించింది. "మరి నేనేం చెప్పాలి?" అంది. ఏమీ చెప్పొద్దన్నాను. సరేనంది. పుక్కిలించిన నీళ్లు ఊసి, "నన్ను మళ్లీ బావిలో దిగనిస్తారా?" అంది. "నాన్నకు కోపం తగ్గాక నేను అడుగుతాలే" అన్నాను. నాన్నకు కోపం తగ్గింది. నేను అడగలేదు. అడిగితే, దానికి ఈత ఎప్పుడొచ్చిందిరా అంటాడు కదా. వారానికల్లా నా నడుముకు తాడు తీసేశారు, ఈతగాణ్నని. సుగుణకు తాడు పట్టుకునే పని కూడా లేకుండా పోయింది. కల్లం దగ్గర తాలు ఏరుతూ, నేను దూకిన చప్పుడు వినపడ్డప్పుడల్లా తలెత్తి చూసేది. కొన్నేళ్లకు బోర్లు పడ్డాయి, బావి పూడ్చేశాం. ఇప్పుడక్కడ పత్తి వేస్తున్నారు.

నా మోచేతి మీద రెండు పళ్ల గాటు ఉంది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే కనపడుతుంది. అందుకని సర్వీసంతా పొడుగుచేతుల చొక్కాలే వేసుకున్నాను, రోహిణీకార్తెలో కూడా. పద్ధతైన మనిషినని హెడ్మాస్టర్లు మెచ్చుకునేవాళ్లు.

సుగుణను చీరాల ఇచ్చాం. హారికకు నాలుగేళ్లప్పుడు వాళ్లింటికి వెళితే, ఆ పిల్లను ఎత్తుపీట మీద బోర్లా పడుకోబెట్టి, చేతులు పట్టుకుని తిప్పుతోంది. "కుడిచెయ్యి పోతుంటే మొహం అటు తిప్పు. నోటితో పీల్చు, ముక్కుతో వదులు." మా బావగారు పడక కుర్చీలోంచి నవ్వుతూ, "ఏంటోనండీ, తనేమో నీళ్లంటే భయపడి చస్తుంది, పిల్లకేమో పీట మీద ఈత" అన్నారు. సుగుణ నా మొహం చూసింది. నేను కాఫీ తాగాను. తర్వాత సుగుణ రోజూ తెల్లవారుజామునే లేచి, పిల్లను బస్సెక్కించి కొలనుకు తీసుకెళ్లడం, గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవడం, అదే బస్సులో తిరిగొచ్చి వంట చేయడం. అలా ఎన్నేళ్లో. ఒక్కసారీ నీళ్లలో కాలు పెట్టలేదు. హారిక పెద్దదై పతకాలు తెచ్చాక వేదికల మీద చెప్పేది, "మా అమ్మకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు మునిగిపోబోతే మామయ్య కాపాడాడు. తనకు రానిది నాకు రావాలని పట్టుబట్టి నేర్పించింది." జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ముందు వరసలో నేనూ కొట్టేవాణ్ని.

శిబిరం తొమ్మిదో రోజు పొద్దున, కొలను నుంచి వచ్చి ఇడ్లీలు తింటున్నాం. "రేపు ఆఖరి రోజు మామయ్యా. మునిగేవాణ్ని ఎలా బయటికి తీయాలో చూపిస్తా" అంది హారిక. "నీ కథ కూడా చెప్పు, పిల్లలకు గుర్తుంటుంది. ఇంతకీ అమ్మను ఎటునుంచి పట్టుకున్నావు?"

"ఎటునుంచేముందమ్మా, ఎదురుగా వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా."

హారిక చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఆగిపోయింది. "ఎదురుగా పోతే మునిగేవాడు మీద ఎక్కేస్తాడు మామయ్యా. ఇద్దరూ పోతారు. ఎప్పుడూ వెనక నుంచే పట్టుకోవాలి. నేను మొదట నేర్పేది అదే."

"ఏమో, చిన్నతనం. గుర్తులేదు" అన్నాను.

"ఎవరు చెప్పారే నీకు వెనక నుంచి అని?" అన్నాను మళ్లీ, మాట మార్చడానికి. అదే నా తెలివితక్కువతనం.

"అమ్మ" అంది హారిక. అని తల్లి వైపు తిరిగింది. సుగుణ లేచి పచ్చడి తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. పచ్చడి గిన్నె బల్ల మీదే ఉంది. హారిక నా పళ్లెం వైపు చూసి, "ఇంకో రెండు పెట్టుకో మామయ్యా" అంది. ఆ మర్యాద నాకు దెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. తల ఊపిన రోజున నాకు పద్నాలుగేళ్లు. ఇడ్లీల ముందు అదే అబద్ధం మళ్లీ ఆడిన రోజున యాభై రెండు.

మర్నాడు కొలను గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క పతకంతో హారిక, ఇంకో పక్క ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తీయించుకున్న నా ఫోటో. 'అన్న నిలిపిన ప్రాణం, దేశానికి తెచ్చిన పతకం' అని ఎర్రక్షరాలు. ఎక్కడా సుగుణ బొమ్మ లేదు. పిల్లల తల్లిదండ్రులంతా వచ్చారు. ఒక కుర్చీలో మడతపెట్టిన శాలువా, దాని మీద పూలదండ. హారిక ముందు గట్టు మీద నుంచి వెదురుకర్ర అందించడం, తాడు విసరడం చూపించింది. "దూకడం ఆఖరి మాట. కర్ర ఉంటే దూకొద్దు" అంది. ఆ తర్వాత నీళ్లలో దిగి ఒక పిల్లను వెనక నుంచి పట్టుకుని చూపించింది. అప్పుడు ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి లేచి, "అక్కా, మీ మామయ్యగారు కూడా ఇట్లాగే పట్టుకున్నారా?" అంది.

హారిక నీళ్లలోంచే గట్టు మీది మైకు అందుకుని నాకిచ్చింది. కథ చెప్పమన్నట్టు కాదు, ఊరికే ఇచ్చింది.

"నేను పట్టుకోలేదమ్మా" అన్నాను. "మునిగింది నేను. తీసింది మా చెల్లెలు. ఆమెకు పన్నెండేళ్లు. వెనక నుంచే పట్టుకుంది." సుగుణ బల్ల మీద నుంచి, "ఇప్పుడెందుకన్నయ్యా" అంది మెల్లగా. నేను ఆగలేదు. బస్తా తొక్కడం దగ్గర్నుంచి తల ఊపడం దాకా చెప్పాను, అడుగుతానని అడగని మాట కూడా చెప్పాను. అందరూ వింటున్నారు. చివరికి భార్గవ్ అడిగాడు:

"అంటే మీరు మునిగిపోయారా సార్?"

"మునిగిపోయాను."

"మరి ఫ్లెక్సీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఫ్లెక్సీ తప్పురా. లెక్కల్లో జవాబు తప్పయితే ఏం చేస్తాం? కొట్టేసి మళ్లీ చేస్తాం. రుజువు కావాలంటే ఇదిగో" అని చొక్కా చెయ్యి మోచేతిపైకి మడిచాను. పిల్లలు గుంపుగా వచ్చి గాటు చూశారు. అక్కడి నుంచి సుగుణ దగ్గరికి పరిగెత్తారు. "ఆంటీ, నవ్వండి, ఒక్కసారి నవ్వండి." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసేసింది. రెండు జడల పిల్ల వంగి పన్ను చూసి, నా మోచెయ్యి చూసి, "సరిపోయింది" అని అందరికీ చెప్పింది.

"ఆంటీ, జుట్టు పట్టుకున్నారా?"

"జుట్టు అందలేదమ్మా. కాలరు అందింది. ఒక చెయ్యి గడ్డం కింద పెట్టి తల పైకి ఉంచాలి. నాకప్పుడు అది తెలీదు, కాలరు పట్టుకుని ఈడ్చా. పాపం, మెడ కమిలిపోయింది." పాపం అంది. మునిగినవాడి మెడ గురించి.

హారిక నీళ్లలోనే నిలబడి తల్లిని చూస్తోంది. "అమ్మా, నీకు నీళ్లంటే భయం కదా?" అంది.

"భయం ఎందుకే? ఎవరూ దిగమనలేదు. తర్వాత తర్వాత నేనూ మర్చిపోయా."

నేను శాలువా తీసుకెళ్లి ఆమె భుజాల మీద వేశాను. ఇంకో మాట బాకీ ఉంది. ఆ మాట ముప్ఫై ఎనిమిదేళ్లు ఆలస్యమైంది. "దిగు సుగుణా" అన్నాను.

నా కళ్లలోకి చూసింది. పన్నెండేళ్ల పిల్ల వసారాలో చూసినట్టే చూసింది. "నాన్నని అడిగావా?" అంది. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. అప్పుడు నవ్వింది, విరిగిన పన్నుతో సహా. శాలువా మడిచి నా చేతికిచ్చి, కూతురి బ్యాగులోంచి బట్టలు తీసుకుని, మార్చుకునే గదిలోకి వెళ్లింది.

ట్రాక్ ప్యాంటు, హారిక పాత టీషర్టు వేసుకుని వచ్చింది. ముడి బిగించి వేసుకుంది. నిచ్చెన వైపు వెళ్లలేదు, గట్టు చివర నిలబడి, ఒక్క క్షణం కాలివేళ్లతో అంచు పట్టుకుని దూకింది. చాలాసేపు పైకి రాలేదు. తల్లులంతా లేచి నిలబడ్డారు. నేను కదల్లేదు. కొలను మధ్యలో తేలింది. బావిలో నేర్చిన ఈత, తల కాస్త కుడికి వాలి, చేతులు చప్పుడు లేకుండా నీళ్లు కోస్తూ. హారిక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నా తల అట్లాగే వాలుతుందని కోచ్‌లు ఎన్నేళ్లు తిట్టారో తెలుసా మామయ్యా" అంది. "పీట మీద నుంచే వచ్చిందన్నమాట." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆ కొలను చుట్టూ ఆ పూట నాకన్నా గర్వపడ్డవాడు ఎవడూ ఉండడు. అందులో నా గొప్ప ఏమీ లేకపోవడం వల్ల ఆ గర్వం తేలిగ్గా, శుభ్రంగా ఉంది.

పిల్లలు ఊరుకోలేదు. పట్టు చూపించాలన్నారు. మునిగేవాడు కావాలి కదా. చెప్పులు, కళ్లజోడు తీసి, ప్యాంటు చొక్కాలతోనే నిచ్చెన దిగాను. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. సుగుణ వెనకగా వచ్చి గడ్డం కింద చెయ్యి పెట్టి, "ఒళ్లు వదిలెయ్" అంది. వదిలేశాను. చెవులు నీళ్లలో మునిగాయి, పిల్లల గోల దూరమైంది. అప్పుడు కళ్లు తెరవలేకపోయాను. ఇప్పుడు తెరిచే ఉన్నాను. పైన పొద్దెక్కుతున్న ఆకాశం, దానికి అడ్డంగా తలకిందులుగా మా చెల్లెలి మొహం. నన్ను ఈడ్చుకెళుతోంది. నాకు తెలియకుండానే కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"తన్నకన్నయ్యా" అంది సుగుణ. "అప్పుడూ ఇంతే."